కవి చూసిన పోటు, కోనసీమ చూసిన పోటు

ఉద్దేశ్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- కవిసమయం అంటే ఏమిటో, రాజశేఖరుడు దానిని ఏయే విధాలుగా విభజించాడో చెప్పగలుగుతారు.
- చంద్రుడికీ సముద్రానికీ ఉన్న సంబంధాన్ని కావ్యం ఎలా వాడుకుందో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
- పోటు, పాటు ఏర్పడే తీరును తెలుసుకుని, కావ్య వర్ణనతో పోల్చగలుగుతారు.
- ఒక కవిసమయం ఏది చెబుతోందో, ఏది వదిలేస్తోందో విడదీసి విమర్శ రాయగలుగుతారు.

1. పరిచయం

సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు కోసం మీరు ఎప్పుడైనా నిలబడి ఉంటే, వశిష్ఠ గోదావరి నీరు రోజంతా ఒకే మట్టంలో ఉండదని గమనించే ఉంటారు. పాటు బాగా ఉన్నప్పుడు ఇసుక మేటలు పైకి తేలతాయి. పంటు మేటకు తగులుకుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా ఆగవలసిందే. సముద్రం అక్కడికి కొద్ది దూరంలో, అంతర్వేది దగ్గర ఉంది. ఆ సముద్రాన్ని కదిలించేది మాత్రం సుమారు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడు.

ఇదే సంబంధం మన కావ్యాలలో మరో రూపంలో కనిపిస్తుంది. చంద్రుడు ఉదయించగానే సముద్రం ఉప్పొంగుతుంది. తండ్రి కొడుకును చూసి మురిసినట్లు, ప్రియుడు ప్రియురాలిని చూసి చలించినట్లు కవులు దీనిని వర్ణించారు. దండి 'కావ్యాదర్శం'లో మహాకావ్యానికి చెప్పిన వర్ణనలలో సముద్రమూ ఉంది, చంద్రోదయమూ ఉంది. తెలుగు ప్రబంధకవులు కూడా అష్టాదశ వర్ణనల పేరుతో ఈ రెండింటినీ పాటించారు.

రేవులో కనబడే పోటు, కావ్యంలో కనబడే పోటు ఒకటేనా? ఒకటి కాకపోతే తేడా ఎక్కడుంది? ఆ తేడా గురించి సాహిత్య విమర్శ పట్టించుకోవాలా? ఈ భాగంలో ఈ మూడు ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. కవిసమయం: రాజశేఖరుడి విభజన

కవులు పరంపరగా అంగీకరించి వాడుకుంటూ వచ్చిన ఒడంబడికను కవిసమయం అంటారు. అది లోకంలో అలాగే ఉందా లేదా అన్నది అక్కడ ప్రధానం కాదు. క్రీ.శ. 900 ప్రాంతానికి చెందిన రాజశేఖరుడు తన 'కావ్యమీమాంస'లో కవిసమయాలను విపులంగా చర్చించి, మూడు విధాలుగా విభజించాడు.

మొదటిది, లేనిదానిని ఉన్నట్లు చెప్పడం. చకోర పక్షులు వెన్నెల తాగుతాయనడం దీనికి ఉదాహరణ. రెండవది, ఉన్నదానిని చెప్పకపోవడం. అశోక వృక్షానికి కాయ ఉన్నా కవులు దాని ఊసెత్తరు. మూడవది, నియమం. అనేక చోట్ల ఉన్నదానిని ఒక్క చోటికే పరిమితం చేయడం. ముత్యాలు తామ్రపర్ణిలోనే దొరుకుతాయని చెప్పడం ఇలాంటిది.

రెండవ విధానికి రాజశేఖరుడు ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి మనకు చాలా ముఖ్యం. కృష్ణపక్షంలోనూ వెన్నెల ఉంటుంది, కాని కవులు దానిని వర్ణించరు. శుక్లపక్షంలోనూ చీకటి ఉంటుంది, దానినీ వర్ణించరు. అంటే చంద్రుడి విషయంలో కవులు సగం నెలనే చూస్తున్నారని మన ఆలంకారికులే గుర్తించారు. ఇది తప్పు అని ఆయన అనలేదు. ఇలా జరుగుతున్నదని నమోదు చేశాడు. విమర్శకు ఈ నమోదు మంచి పనిముట్టు. చెప్పినదాన్ని మాత్రమే కాక, చెప్పకుండా వదిలినదాన్ని కూడా చూడమని అది మనకు నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రాజశేఖరుడు చెప్పిన మూడు రకాల కవిసమయాలు ఏవి?
2. కృష్ణపక్షపు వెన్నెల ఏ రకానికి ఉదాహరణ?

3. కాళిదాసు ఉపమలు రెండు

చంద్రుడు, సముద్రం జంటను కాళిదాసు రెండు ప్రసిద్ధ సందర్భాలలో వాడుకున్నాడు. 'రఘువంశం' మూడవ సర్గలో దిలీపుడు అప్పుడే పుట్టిన కొడుకు ముఖాన్ని చూస్తాడు. ఆ సంతోషం అతనిలో పట్టలేదు. చంద్రుణ్ణి చూసిన సముద్రంలో పొంగు పట్టనట్లే అని కవి పోలిక. 'కుమారసంభవం' మూడవ సర్గలో తపస్సులో ఉన్న శివుడి ధైర్యం పార్వతిని చూసి కొంచెం సడలుతుంది. చంద్రోదయం మొదలైన వేళ సముద్రం చలించినట్లు అని అక్కడ పోలిక.

ఈ రెండు ఉపమల బలం ఎక్కడుందో గమనించండి. సముద్రం గంభీరమైనది, తన హద్దు దాటనిది. అలాంటిది కూడా కదిలిందంటే కదిలించినదాని శక్తి ఎంతటిదో పాఠకుడికి తెలుస్తుంది. దిలీపుడు రాజు, శివుడు యోగి. ఇద్దరూ నిగ్రహం కలవారే. కాబట్టి ఉపమానం పాత్ర స్వభావానికి సరిగ్గా అమరింది. 'కుమారసంభవం'లో కవి పూర్తి పోటును చెప్పలేదు, పోటు మొదలయ్యే క్షణాన్ని మాత్రమే చెప్పాడు. శివుడు కదిలింది కొద్దిగానే కదా. ఇంత కొలిచి వాడిన ఉపమను అలంకారం కోసం పెట్టిన అలంకారం అనలేం.

ఇప్పుడు రెండింటిలోనూ సమానంగా ఉన్న ఒక అంశాన్ని చూడండి. రెండు చోట్లా సందర్భం 'చూడటం' మీద నడుస్తుంది. తండ్రి కొడుకును చూశాడు, శివుడు పార్వతిని చూశాడు. సముద్రం చంద్రుణ్ణి చూసి పొంగినట్లే వారి మనసులూ కదిలాయి. క్షీరసాగర మథనంలో చంద్రుడు సముద్రం నుంచి పుట్టాడన్న పురాణ కథ కూడా ఈ చూపుకు తోడ్పడింది. పుట్టిన బిడ్డ ఎదుట కనబడితే తండ్రి పొంగడం సహజమే. తరువాతి కవుల చేతిలో ఈ భావం స్థిరపడింది. చంద్రుడు కనబడాలి, అప్పుడే సముద్రం పొంగాలి. బాగా కనబడేది పున్నమినాడు కాబట్టి, పొంగు పున్నమి సొత్తు అయింది.

విమర్శకుడు ఆగవలసిన చోటు ఇదే. చంద్రుడు అసలు కనబడని రోజున సముద్రం ఏం చేస్తుంది?

4. పోటు ఎలా వస్తుంది?

భూమిని చంద్రుడు తన వైపు ఆకర్షిస్తాడు. అయితే ఆ ఆకర్షణ భూమి మీద అన్ని చోట్లా సమానంగా ఉండదు. చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు నీరు భూమి కేంద్రం కంటే సుమారు 6,400 కిలోమీటర్లు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ఆకర్షణకు లోనవుతుంది. అవతలి వైపు నీరు కేంద్రం కంటే అంతే దూరంగా ఉంటుంది కాబట్టి తక్కువ ఆకర్షణకు లోనవుతుంది. ఈ తేడా వల్ల ఎదుటి వైపూ, అవతలి వైపూ కూడా నీరు ఉబ్బుతుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన 'ప్రిన్సిపియా'లో పోటుపాటులకు గురుత్వాకర్షణే కారణమని వివరించాడు.

ఇక్కడ మొదటి విశేషం. చంద్రుడు మన నెత్తిమీద ఉన్నప్పటి ఉబ్బు ఒకటైతే, మన కాళ్ళ కింద, భూమికి అవతల ఉన్నప్పటి ఉబ్బు మరొకటి. అందుకే కోనసీమ తీరంలో సాధారణంగా రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. చంద్రుడు కూడా ముందుకు కదులుతూ ఉంటాడు కనుక ఈ చక్రం పూర్తికావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఈ రోజు ఉదయం ఆరు గంటలకు పోటు వస్తే రేపు ఆరూ యాభై ప్రాంతంలో వస్తుందన్నమాట.

రెండవ విశేషం. సూర్యుడికి కూడా ఈ శక్తి ఉంది. దూరం ఎక్కువ కావడం వల్ల అది చంద్రుడి ప్రభావంలో సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్యకు సూర్యచంద్రులు భూమికి ఒకే వైపు, పున్నమికి ఎదురెదురు వైపుల ఉంటారు. రెండు రోజులలోనూ ఇద్దరి ప్రభావాలూ కలుస్తాయి. ఉబ్బు రెండు వైపులా ఏర్పడుతుంది కాబట్టి ఒకే వైపా, ఎదురెదురా అన్న తేడా ఇక్కడ లేదు. అప్పుడు, లేదా ఒకటి రెండు రోజుల తరువాత, వచ్చే పెద్ద పోటును పర్వవేల అంటారు. అష్టమి ప్రాంతంలో ఇద్దరి ప్రభావాలు ఒకదానికొకటి అడ్డుపడి పోటు తగ్గుతుంది. అది లఘువేల.

కాబట్టి మన ప్రశ్నకు సమాధానం ఇది: చంద్రుడు కనబడని అమావాస్యనాడూ సముద్రం పున్మమికి దీటుగానే పొంగుతుంది. సముద్రానికి చంద్రుణ్ణి చూడవలసిన అవసరం లేదు.

మూడవ విశేషం కావ్యం ఊహించనిది. కావ్యంలో సముద్రం చలిస్తుంది, చంద్రుడు చెక్కుచెదరడు. వాస్తవంలో ఈ సంబంధం రెండు వైపులా పనిచేస్తుంది. పోటుపాటుల రాపిడి భూభ్రమణాన్ని అతి నెమ్మదిగా తగ్గిస్తోంది. దాని ఫలితంగా చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున భూమికి దూరమవుతున్నాడు. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద ఉంచిన పరావర్తకాల మీదకూ, ఆ తరువాత చేర్చిన వాటి మీదకూ లేజర్ కిరణాలు పంపి ఈ దూరాన్ని కొలుస్తున్నారు. చంద్రుడు సముద్రాన్ని లాగుతుంటే, సముద్రం చంద్రుణ్ణి దూరంగా నెడుతోంది.

5. కోనసీమలో పోటు

గోదావరి ముఖద్వారాల దగ్గర పర్వవేలలో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు. గుజరాత్ ఖంభాత్ సింధుశాఖలో 10 మీటర్ల వరకు ఉండే తేడాతో పోలిస్తే ఇది చిన్నదే. కాని కోనసీమ పల్లపు నేల. ఇక్కడ ఒక మీటరు నీరు చాలా దూరం వెళుతుంది.

గౌతమి, వశిష్ఠల మధ్య ఉన్న ఈ సీమలో పొలాల మురుగు నీరు డ్రెయిన్ల ద్వారా సముద్రానికి చేరాలి. భారీ వర్షాలు కురిసినప్పుడు, గోదావరికి వరద వచ్చినప్పుడు, సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు దిగదు. 'సముద్రం నీరు తీసుకోవడం లేదు' అని రైతులు అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాటలో చంద్రుడి పేరు లేదు, కాని చంద్రుడి పని ఉంది. పాటు వచ్చిన కొద్ది గంటలలోనే నీరు లాగాలి. మొగలు ఇసుకతో పూడి ఉంటే ఆ కొద్ది గంటలూ చాలవు. సార్వా చేను మునిగే ఉంటుంది.

వేసవిలో దీనికి తిరగబడిన కథ నడుస్తుంది. నదిలో మంచినీటి ప్రవాహం తగ్గినప్పుడు పోటు ఉప్పునీటిని పాయల లోపలికి, డ్రెయిన్ల లోపలికి ఎగదన్నుతుంది. మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు చేరి కొబ్బరి చెట్లు మోడువారిన సంగతి 2025లో రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా, గిట్టుబాటు కాని ధరలు, పెరిగిన ఖర్చులతోపాటు ముంపు, మురుగు పారుదల సమస్యలు వారి ఫిర్యాదులలో ఉన్నాయి. వీటన్నిటికీ చంద్రుడే కారణం అనడం పొరపాటు. పోటు ఎప్పటి నుంచో ఉంది. దానికి తగినట్లు డ్రెయిన్లను, స్లూయిస్ తలుపులను, మొగలను చూసుకోవడం మనుషుల పని.

మరో జాగ్రత్త కూడా అవసరం. పోటు వేరు, ఉప్పెన వేరు. ఉప్పెన తుపాను గాలులు తెచ్చేది. 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుపాను దీపావళి అమావాస్యకు నాలుగు రోజుల ముందు వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అమావాస్య గడిచిన ఎనిమిది రోజులకు, అంటే లఘువేల ప్రాంతంలో వచ్చింది. ఉప్పెనకు పర్వవేల తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. కాని ఉప్పెన రావడానికి తిథితో పనిలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3. అమావాస్యనాడు పెద్ద పోటు రావడానికి కారణం ఏమిటి?
4. పోటుకూ ఉప్పెనకూ తేడా ఏమిటి?

6. పంచాంగం గుర్తుంచుకున్నది

కావ్యం వదిలేసిన సగాన్ని మన సంస్కృతి మొత్తంగా మరచిపోయిందా? లేదు. విష్ణుపురాణం రెండవ అంశలోనే దీని ప్రస్తావన ఉంది. పొయ్యిమీద పెట్టిన కుండలో నీరు పొంగినట్లు చంద్రుడి వృద్ధితో సముద్రజలం పొంగుతుందనీ, నిజానికి నీటి పరిమాణం పెరగదు, తరగదనీ అక్కడ ఉంది. శుక్ల, కృష్ణ పక్షాలు రెండింటినీ పేర్కొని, హెచ్చుతగ్గులు 510 అంగుళాలని లెక్క కూడా ఇచ్చింది. వివరణ ఈనాటి శాస్త్రానికి సరిపడకపోవచ్చు. కాని రెండు పక్షాలనూ చూసిన కన్ను అక్కడ ఉంది.

ఆచారాలలోనూ ఇదే కనిపిస్తుంది. గోదావరి ఏడు పాయల సాగర సంగమాలలో స్నానం చేసే సప్తసాగర యాత్ర పుష్య బహుళ అమావాస్యనాడు, అంటే చొల్లంగి అమావాస్యనాడు, కాకినాడ దగ్గర చొల్లంగిలో మొదలై మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో సముద్ర స్నానాలు జరుగుతాయి. చీకటి రాత్రితో మొదలై నిండు వెన్నెల దాకా సాగే ఈ కాలక్రమంలో అమావాస్యకూ పౌర్ణమికీ ఒకే గౌరవం ఉంది. రెండింటికీ కలిపి 'పర్వం' అన్న ఒకే పేరు ఉండటం కూడా గమనించదగినది.

అట్లతద్దిని తీసుకోండి. అది ఆశ్వయుజ బహుళ తదియ. కోనసీమ ఊళ్ళలో ఆడపిల్లలు ఉయ్యాలలూగి, చంద్రుడు వచ్చేదాకా ఎదురుచూసి, అట్లు వాయనమిచ్చి, భోజనం చేసేది కృష్ణపక్షపు వెన్నెలలోనే. కవులు వర్ణించరని రాజశేఖరుడు చెప్పిన ఆ వెన్నెలను మన ఇళ్ళలోని స్త్రీలు పండుగ చేసుకున్నారు.

ఈ ఆచారాలు పోటును కొలవడానికి పుట్టాయని మీరు రాయవద్దు. అందుకు ఆధారం లేదు. అవి పుణ్యం కోసం, సౌభాగ్యం కోసం పాటించేవి. కాని తిథిని లెక్కపెట్టే అలవాటు చంద్రుణ్ణి నెల పొడవునా చూసేలా చేసింది. కావ్యం చంద్రుణ్ణి దృశ్యంగా చూసింది, పంచాంగం చంద్రుణ్ణి కాలంగా చూసింది. మొగ దగ్గర వల వేసేవారికీ, డ్రెయిను గట్టున నిలబడిన రైతుకూ అక్కరకు వచ్చేది రెండవ చూపే.

7. విమర్శకుడు ఏం చేయాలి?

ఇక్కడ మీకు ఒక అభ్యంతరం రావచ్చు. కవి పంచాంగం రాయడం లేదు కదా, కావ్యాన్ని భూగోళ శాస్త్రంతో కొలవడం న్యాయమా? ఈ అభ్యంతరంలో బలం ఉంది. దిలీపుడి సంతోషాన్ని చెప్పడానికి అమావాస్య పోటు పనికిరాదు. అక్కడ కావలసింది ముఖం, చూపు, వెలుగు. కాళిదాసు ఎంపిక ఆ సందర్భానికి సరైనది. దానిని తప్పు పట్టే విమర్శ ఉపమ ఎలా పనిచేస్తుందో తెలియని విమర్శ అవుతుంది.

అయితే ఒక కవి చేసిన ఎంపిక వేరు, దానిని వందల ఏళ్ళు అలాగే తిరగరాయడం వేరు. మొదటిసారి అది చూపు, పదేపదే వాడితే అలవాటు. అలవాటైన వర్ణన పాఠకుడి కంటిని కూడా తీర్చిదిద్దుతుంది. చంద్రుడంటే వెన్నెల, వెన్నెలంటే పున్నమి, పున్నమి అంటే ఆనందం అని మన మనసులో వరుస ఏర్పడిపోతుంది. అప్పుడు అదే చంద్రుడి వల్ల వెనక్కు తన్నిన నీటిలో మునిగిన చేను మనకు సాహిత్య విషయంగా తోచదు. అది వార్తాపత్రిక జిల్లా పేజీకి సంబంధించినదిగా మిగిలిపోతుంది. కవిసమయం వల్ల కలిగే అసలు నష్టం ఇది. అది అబద్ధం చెప్పినందువల్ల కాదు, మిగిలిన నిజాన్ని సాహిత్యం వెలుపల ఉంచినందువల్ల కలిగే నష్టం.

కాబట్టి ఒక చంద్రోదయ వర్ణనను విమర్శించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ వర్ణన ఇక్కడ ఏ పని చేస్తోంది? ఇందులో చెప్పకుండా విడిచినది ఏమిటి? దీనిని ఎక్కడ నిలబడి చూశారు, మేడ మీద నుంచా, రేవులో నుంచా? మొదటి ప్రశ్న కవికి న్యాయం చేస్తుంది. రెండవది లోకానికి న్యాయం చేస్తుంది. మూడవది ఈ రెండింటికీ మధ్య ఉన్న మనిషిని చూపిస్తుంది.

కోనసీమలో పుట్టి పెరిగిన విద్యార్థికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. మీకు రెండు చంద్రులూ తెలుసు. పాఠ్యపుస్తకం చెప్పే చంద్రుణ్ణి గౌరవించడానికి మీ రేవులోని చంద్రుణ్ణి మరచిపోనక్కరలేదు. పరీక్షలో మీరు రాసే సమాధానానికి మీ ఊరి అనుభవం అడ్డు కాదు, ఆధారం.

8. సారాంశం

చంద్రోదయానికి సముద్రం పొంగడం ప్రసిద్ధమైన కవిసమయం. కాళిదాసు దానిని పాత్రల భావస్థితికి తగినట్లు కొలిచి వాడాడు. ఈ వర్ణన చూపు మీద ఆధారపడింది కాబట్టి పున్నమిని మాత్రమే పట్టుకుంది. వాస్తవంలో పోటు ఆకర్షణలోని తేడా వల్ల వస్తుంది, రోజుకు రెండుసార్లు వస్తుంది, అమావాస్యకూ పున్నమికీ సమానంగా పెరుగుతుంది. అమావాస్య పోటును, పాటును కావ్యం సాధారణంగా పట్టించుకోకపోవడాన్ని రాజశేఖరుడు చెప్పిన 'ఉన్నదానిని చెప్పకపోవడం' అన్న విభాగంలో మనం చేర్చవచ్చు. ఆ మిగిలిన సగాన్ని పంచాంగం, పండుగలు, రేవు, పొలం గుర్తుంచుకున్నాయి. కవిని తప్పు పట్టకుండా, ఆ సగాన్ని మళ్ళీ పఠనంలోకి తీసుకురావడం విమర్శకుడి పని.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చంద్రుడు, సముద్రం అనే కవిసమయాన్ని కాళిదాసు ఉపమల ఆధారంగా విమర్శించండి.
2. 'కావ్యం చంద్రుణ్ణి దృశ్యంగా చూసింది, పంచాంగం కాలంగా చూసింది.' చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పర్వవేల, లఘువేలల మధ్య భేదాన్ని వివరించండి.
2. కోనసీమ మురుగు పారుదలకు పోటుపాటులతో ఉన్న సంబంధం తెలపండి.

III. అభ్యాసం
మీ ఊరికి దగ్గరలో పోటు తగిలే రేవు, కాలువ, మొగ ఏదైనా ఉంటే ఒక అమావాస్య నుంచి పున్నమి వరకు రోజూ ఒకే సమయంలో నీటి మట్టాన్ని గుర్తుపెట్టి రాసుకోండి. తరువాత మీరు చదివిన ప్రబంధంలోని ఒక చంద్రోదయ వర్ణన తీసుకుని, మీ గమనింపుతో పోల్చి రెండు పుటల విమర్శ రాయండి.